నేలబారు చూపు.. దానికీ ఓ లెక్కుంది!

మన సినిమాల్లో హీరో ఎంట్రీ ఎలా ఉంటుందో తెలుసు కదా. ముందు చెప్పు కనిపిస్తుంది. దుమ్ము లేస్తుంది. కెమెరా నేల మీద నుంచి మెల్లగా పైకి చూసేసరికి ఆరడుగుల మనిషి అరవై అడుగుల కటౌట్ అయిపోతాడు. థియేటర్లో విజిల్స్! దీన్నే మనం ‘ఎలివేషన్’ అంటాం. లో యాంగిల్ అంటే ఇంతే అని చాలామంది అనుకుంటారు.

నిజానికి ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, కెమెరాను కిందికి దించడం. రెండోది, దాని మూతిని పైకెత్తడం. 1941లో వచ్చిన ‘సిటిజెన్ కేన్’ కోసం ఆర్సన్ వెల్స్, కెమెరామన్ గ్రెగ్ టోలాండ్ రెండూ చేశారు. కెమెరా ఇంకా కిందికి దిగాలని స్టూడియో కాంక్రీట్ నేలనే తవ్వించారు. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు మాత్రం మొదటి పనితోనే ఆగిపోయాడు. కెమెరాను నేలకు దగ్గరగా పెట్టి, పైకెత్తకుండా తిన్నగా ముందుకే చూపించేవాడు. ఆయన సినిమాల్లో మనుషులు దేవుళ్లలా కనిపించరు. వాళ్లింట్లో మనమూ చాప మీద కూర్చున్నట్టు ఉంటుంది.

నాకు నచ్చింది ఈ రెండోరకం. అది కూడా ఫోన్‌తో కాదు, నల్లగుడ్డ కప్పుకుని చూసే పెద్ద కెమెరాతో. దాన్ని మోసుకుని ఒకే రైలు మార్గంలో ఉన్న మూడు ఊళ్లు తిరిగాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. కెమెరా ఎంత ఎత్తులో ఉంది అన్న ఒక్క ప్రశ్నకు ఒక్కో ఊరు ఒక్కో జవాబు చెప్పింది.

తలకిందుల ప్రపంచం

లార్జ్ ఫార్మాట్ కెమెరా అంటే పెద్ద హంగామా ఏమీ లేదు. ముందు లెన్స్ బిగించిన ఒక చెక్క ఫ్రేమ్, వెనక గరుకు గాజుపలక, రెండింటి మధ్య హార్మోనియం తిత్తిలాంటి బెలోస్. అంతే. బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు. గాజుపలక మీద బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు మారి పడుతుంది. ఫోకస్ చూసుకున్నాక ఆ స్థానంలో 4×5 అంగుళాల ఫిల్మ్ షీటు పెట్టాలి. మామూలు 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ కంటే దీని వైశాల్యం 13 రెట్లకు పైనే. ఒక్కో హోల్డర్‌లో రెండే షీట్లు. నా బ్యాగులో ఆరు హోల్డర్లు, అంటే రోజు మొత్తానికి పన్నెండు ఫొటోలు.

అసలు సంగతి ముందు ఫ్రేమ్‌లో ఉంది. లెన్స్‌ని పైకి జరపొచ్చు, కిందికి దించొచ్చు, ముందుకు వంచొచ్చు. పైకి జరపడాన్ని రైజ్ అంటారు, వంచడాన్ని టిల్ట్ అంటారు. నేలబారు ఫొటోకి ఈ రెండే ప్రాణం.

ఎందుకంటే కెమెరా నేలకు దిగగానే ముందున్న గడ్డిపరక అర మీటరు దూరంలోకి వచ్చేస్తుంది. వెనక గుడి గోపురం యాభై మీటర్ల అవతల ఉంటుంది. రెండూ స్పష్టంగా రావాలి. ఫోన్‌కి ఇది సమస్యే కాదు. ఫోన్ మెయిన్ కెమెరా లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 5 నుంచి 7 మిల్లీమీటర్లు ఉంటుందంతే. అంత చిన్న లెన్స్‌కి దగ్గరదీ దూరందీ దాదాపు కలిసే ఫోకస్ అవుతాయి. నా కెమెరాకి వాడేది 90 లేదా 150 మిల్లీమీటర్ల లెన్స్. వాటికి గడ్డిపరక దొరికితే గోపురం జారిపోతుంది.

అందుకే లెన్స్‌ని ముందుకు వంచుతాం. అప్పుడు ఫోకస్ ఎదురుగా గోడలా నిలబడకుండా, చాపలా నేల మీద పరుచుకుంటుంది. ఈ సూత్రానికి ఆస్ట్రియా సైనికాధికారి థియోడర్ షైమ్‌ఫ్లగ్ పేరు పెట్టారు. ఆయన 1904లో పేటెంట్ తీసుకున్నది ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో వంకర సరిచేయడానికి. మనకి పనికొచ్చింది నేల మీద!

ఇంజినీరింగ్ ఇక్కడ పనికొచ్చింది

ఎంత వంచాలి? దీనికో చక్కటి లెక్కుంది. కెనడాకు చెందిన హెరాల్డ్ మెర్క్‌లింగర్ 1990ల్లో దీన్ని అందరికీ అర్థమయ్యేలా రాశాడు. గాజుపలకను నిటారుగా ఉంచి, ఫోకస్‌ని నేల మీద పరవాలంటే, టిల్ట్ కోణం సైన్ విలువ = లెన్స్ ఫోకల్ లెంగ్త్ ÷ నేల నుంచి లెన్స్ ఎత్తు. ట్రిగనామెట్రీ ఎప్పుడు పనికొస్తుందని ఇంటర్‌లో అడిగినవాళ్లందరికీ ఇదిగో జవాబు.

150 ఎంఎం లెన్స్‌తో మనిషి ఎత్తులో, అంటే 1.5 మీటర్ల దగ్గర నిలబడి తీస్తే 0.1 వస్తుంది. కోణం ఆరు డిగ్రీల లోపే. అదే లెన్స్‌ని 30 సెంటీమీటర్లకు దించండి. 0.5 వస్తుంది, అంటే 30 డిగ్రీలు! అంత వంచితే లెన్స్ వేసే వెలుగు వృత్తం ఫిల్మ్ మీద నుంచి పక్కకు తప్పుకుంటుంది. అదే ఎత్తులో 90 ఎంఎం లెన్స్ పెడితే పదిహేడున్నర డిగ్రీలు చాలు.

అంటే కిందికి దిగేకొద్దీ ధర పెరుగుతుంది. కెమెరా మోకాలి కిందికి దిగితే వైడ్ లెన్స్ తప్పదు. ఇది స్టైల్ కోసం కాదు, లెక్క కోసం.

ఒంటికి కూడా ధర ఉంది. 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న గాజుపలకను చూడాలంటే నేల మీద బోర్లా పడుకోవాలి, పైన నల్లగుడ్డ కప్పుకోవాలి. అనంతపురం వైపు ఎండ, కింద పల్లేరుకాయలు! తలకిందుల బొమ్మను అలా పడుకుని పావుగంట చూస్తే మెడ పట్టేస్తుంది. గాజుపలక వెనక 45 డిగ్రీల్లో ఒక అద్దం పెడితే పైనుంచి వంగి చూడొచ్చు. బొమ్మ కూడా తిన్నగా కనబడుతుంది, కుడిఎడమలు మాత్రం మారే ఉంటాయి. ట్రైపాడ్ మధ్య రాడ్డు తీసేసి కాళ్లు పూర్తిగా విప్పేస్తే సాలీడులా నేలకు అతుక్కుంటుంది. ఇంకా కిందికి దిగాలంటే బియ్యం నింపిన గుడ్డ సంచీ మీద కూర్చోబెట్టడమే.

లేపాక్షి: నంది గెలిచింది, స్తంభం ఫోన్‌కి వదిలేశా

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లే. విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం, దానికి కాస్త దూరంలో ఒకే రాతిలో చెక్కిన నంది. దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఇలాంటి రక్షిత కట్టడాల్లో చేత్తో ఫొటోలు తీసుకోవచ్చు కానీ, ట్రైపాడ్ వేయాలంటే కేంద్ర పురావస్తు శాఖ నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. వెళ్లాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

నంది ముందు నిలబడి ఫోన్ పైకెత్తితే మనకొచ్చే ఫొటో అందరికీ తెలిసిందే. తల చిన్నదై, పీఠం పెద్దదై, నంది వెనక్కి వాలిపోతున్నట్టు ఉంటుంది. కెమెరా మూతి పైకెత్తిన ప్రతిసారీ నిలువు గీతలు పైన దగ్గరకొస్తాయి. పెద్ద కెమెరాలో ఇది జరగనివ్వక్కర్లేదు. గాజుపలకను నిటారుగా ఉంచేసి, లెన్స్‌ని మాత్రం పైకి జరిపితే చాలు.

ఎనిమిది మీటర్ల దూరం, 30 సెంటీమీటర్ల ఎత్తు, 90 ఎంఎం లెన్స్. ఏమీ జరపకుండా చూస్తే నంది పైభాగం ఫ్రేమ్ అంచుకు తాకేస్తుంది, సగం ఫొటో నేలే. లెన్స్‌ని మూడు సెంటీమీటర్లు పైకి జరపగానే నంది మీద ఇంకో రెండున్నర మీటర్ల ఆకాశం లోపలికి వచ్చేసింది. నిలువు గీతలు నిలువుగానే ఉన్నాయి.

కానీ ఇక్కడే ఒక చిక్కు. టిల్ట్ చేసినా, రైజ్ చేసినా లెన్స్ వెలుగు వృత్తం ఒకే దిక్కుకు జరుగుతుంది. రెండూ ఒకే జీతంలోంచి ఖర్చు అన్నమాట. ఈఎంఐ ఎక్కువైతే సరుకులకు తగ్గించుకోవాలి కదా, అలాగే. పైగా ఫోకస్‌ని పూర్తిగా నేల మీద పరిస్తే గడ్డి కత్తిలా వస్తుంది, నంది కొమ్ములు మెత్తబడతాయి. అందుకని టిల్ట్‌ని సగానికి తగ్గించి, ఫోకస్ చాపను ముందున్న గడ్డి నుంచి నంది మెడలోని గంటల దాకా ఏటవాలుగా లేపాను. మిగతాది ఎఫ్/32 చూసుకుంది. నంది పెద్దదిగా కనిపించలేదు. బరువుగా కనిపించింది. నేల మీద నిజంగా కూర్చున్నట్టు ఉంది. నాకు కావలసింది అదే.

గుడి లోపలి వేలాడే స్తంభం దగ్గర మాత్రం కథ తిరగబడింది. దాని అడుగు నేలను పూర్తిగా ఆనదు. వచ్చినవాళ్లంతా పలుచటి గుడ్డో కాగితమో ఇటునుంచి దూర్చి అటు లాగుతారు. ఆ సందు ఫొటోలో పడాలంటే లెన్స్ నేలకి అంటుకుని ఉండాలి. పెద్ద కెమెరాను ఉత్త నేల మీద పెట్టినా, దాని పీఠం వల్ల లెన్స్ మధ్యభాగం ఎలాగూ కొన్ని అంగుళాల పైనే ఉంటుంది. అక్కడి నుంచి ఆ సందు కనబడదు. అదే ఫోన్‌ని తలకిందులుగా తిప్పి నేలకి ఆనిస్తే లెన్స్ ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోకి వస్తుంది. అవతలి వెలుతురు సన్నని గీతలా మెరుస్తుంది. ఆ ఫొటో ఫోన్‌దే. నిలబడి చూస్తే నమ్మకం, పడుకుని చూస్తే సాక్ష్యం.

పెనుకొండ: కెమెరా ఎక్కడ నిలబడింది?

1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకే వచ్చింది. హైవే మీద కియా కార్ల కోసం ఇటు తిరిగేవాళ్లు చాలామంది ఉంటారు కానీ, ఊళ్లో గగన్ మహల్ చూడకుండా వెళ్తే నష్టం వాళ్లదే. కింద కమానులు ఇస్లామిక్ పద్ధతి, పైన మెట్లుమెట్లుగా లేచే శిఖరం గుడి పద్ధతి. రెండు సంప్రదాయాలూ ఒకే గోడలో ఉన్నాయి.

ఈ రాజ్యం శిథిలాలకూ పెద్ద కెమెరాకూ పాత చుట్టరికమే ఉంది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపీని కాగితపు నెగెటివ్‌ల మీద ఫొటోలు తీశాడు. ఒక్కో నెగెటివ్ అడుగు పైన పొడవు. 1983లో ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ అవే చోట్లు వెతికి, అవే ఫొటోలు మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెడితే 127 ఏళ్లలో ఏ రాయి పడిపోయింది, ఏది నిలబెట్టారు అన్నది తెలిసిపోతుంది. ఆ పోలిక కుదరాలంటే పాత కెమెరా నిలబడిన చోటు దొరకాలి. అంటే ఫొటోలో ఏముందో ఒక్కటే కాదు, కెమెరా ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో అదీ సమాచారమే.

అందుకే గగన్ మహల్ ముందు నేను చిన్న పుస్తకంలో రాసుకున్నవి ఇవి: లెన్స్ ఎత్తు 28 సెంటీమీటర్లు, గోడ నుంచి దూరం, రైజ్ ఎంత, టిల్ట్ ఎంత, టైమ్. రేపు ఎవరైనా అదే చోట పడుకుని అదే ఫొటో తీయొచ్చు. నేలబారుగా చూసినప్పుడు ఇంకొకటి గమనించాను. నిలబడి చూస్తే మన చూపు నేరుగా కమానుల మీదికి వెళ్లిపోతుంది. నేల దగ్గర నుంచి చూస్తే ముందు గోడ మొదలు కనిపిస్తుంది. తేమ ఎక్కడిదాకా ఎక్కింది, గచ్చు ఎక్కడ రాలింది, గోడ రాయిని నేల ఎక్కడ మింగేసింది. భవనం ముసలితనం పాదాల దగ్గరే తెలుస్తుంది, మనుషుల్లాగే.

ధర్మవరం: గుంటలోంచి చూస్తే..

ఇక అసలు పరీక్ష ధర్మవరంలో. పట్టుచీరల ఊరు. ఇక్కడి చేనేత పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుంట మగ్గం ఎప్పుడైనా చూశారా? నేలలో గొయ్యి ఉంటుంది. నేతగాడు దాని అంచున నేల మీదే కూర్చుని, కాళ్లు గోతిలో పెట్టి తొక్కుళ్లు తొక్కుతాడు. చీర ఆయన ఒడి ఎత్తులో పరుచుకుని ఉంటుంది. అంటే ఆయన పని ప్రపంచమంతా మన మోకాళ్ల కిందే!

నేను నేల మీద కెమెరా సర్దుకుంటుంటే ఆ ఇంటి పెద్దాయన మగ్గం ఆపి అడిగాడు.

‘‘ఏమప్పా, యాడైనా పడిపోయిందా ఏమన్నా?’’

‘‘లేదన్నా, ఫొటోకే. కింద నుంచి తీస్తా.’’

ఆయన నవ్వాడు. ‘‘ఫోటోలు తీసేకి శానామంది వస్తారు. అందురూ నిలబడే తీస్తారు. యా ఫోటోలో చూసినా నా బట్టతలే!’’

సరదాగానే అన్నాడు. కానీ నాకు అది గుచ్చుకుంది. చేనేత గురించి నెట్‌లో వెతకండి. నేత కార్మికుల ఫొటోల్లో చాలావరకు ఎవరో నిలబడి కిందికి చూసినవే. వంగిన తల, వంగిన వీపు, పైనుంచి మనం. పక్కన ఎంత గొప్పగా రాసినా ఆ ఫొటో మాత్రం ‘పాపం’ అనే అంటుంది. అలాగని హీరో ఎలివేషన్ ఇస్తే అదీ అబద్ధమే. ఆయన కళ్ల ఎత్తుకు దిగితే చాలు.

‘‘ఓ తూరి గుంటలో కూచ్చో, తెలుస్తాది’’ అని ఆయనే లేచి చోటిచ్చాడు. కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే జరీ అంచు కొండలా ఉంది. పోగులు రోడ్డులా ముందుకు పోతున్నాయి. గది తలుపు చాలా ఎత్తున, గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఇంకా ఎత్తున కనిపించారు.

కెమెరాను మగ్గం పక్కన, నేసిన బట్ట అంచు దగ్గర ఓరగా పెట్టాను. లెన్స్ చీర కంటే 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. అదే లెక్క, పదిహేడున్నర డిగ్రీలు. చీర మీద ఫోకస్ చాప పరుచుకుంది. ప్రతి జరీ పోగూ లెక్కపెట్టొచ్చు. కానీ ఆ చాప మందం ఆయన కూర్చున్న చోట చీరకు పైన జానెడు కూడా లేదు. చేతులు స్పష్టం, ముఖం మసక. నన్ను అడిగితే అది కూడా బట్టతల ఫొటోకి చుట్టమే. చీర బాగా వచ్చింది, మనిషి రాలేదు!

టిల్ట్ తగ్గించాను. చాపను అంచు దగ్గరి పోగుల నుంచి ఆయన కళ్ల దాకా లేపాను. ఇప్పుడు ముందున్న జరీ, ఆయన ముఖం ఒకే ఫోకస్‌లో ఉన్నాయి. మధ్యలో చేతులు ఫోకస్ కిందికి పడ్డాయి. కిటికీ వెలుతురుకి ఎఫ్/22 దగ్గర రెండు సెకన్లు ఇవ్వాలి. ‘‘అన్నా, తల మాత్రం కదపొద్దు, చేతుల పని ఆపొద్దు’’ అన్నాను. రెండు సెకన్లలో నాడె ఇటు నుంచి అటు వెళ్లింది. ఫొటోలో చేతులు పొగలా ఉన్నాయి. ముఖం, చీర నిశ్చలంగా ఉన్నాయి. ఏది పోగొట్టుకోవాలో నేను ఎంచుకోవాల్సి వచ్చింది. పనిలో ఉన్న చేతులు ఎలాగూ ఆగవు కదా, వాటినే వదిలేశాను.

తర్వాత ప్రింట్ తీసుకెళ్లి ఇస్తే ఆయన ముందు తన ముఖం చూసుకోలేదు. అంచు చూశాడు. వేలితో పోగు వెంట వెళ్లి, ‘‘ఈడ ఒక పోగు తెగింది, అతికినా సూడు, అదీ పడింది’’ అన్నాడు. నిజమే, పడింది. తర్వాతే ముఖం చూసుకుని, ‘‘ఇది నేనే’’ అన్నాడు.

మీ ఫోన్‌తో మీరూ..

పెద్ద కెమెరా అందరికీ కుదరదు, అక్కర్లేదు కూడా. కానీ దాని పాఠాలు ఫోన్‌కీ పనికొస్తాయి.

ఫోన్‌ని తలకిందులుగా తిప్పండి, లెన్స్ నేలకు దగ్గరవుతుంది. మూతి పైకెత్తకుండా తిన్నగా పట్టుకోండి. గ్రిడ్ లైన్స్ ఆన్ చేస్తే నిలువు గీతలు వంగుతున్నాయో లేదో తెలిసిపోతుంది. భవనం పైభాగం రాకపోతే ఫోన్ ఎత్తకండి, వెనక్కి జరగండి. తర్వాత కింది నేలను కొంచెం క్రాప్ చేస్తే చాలు. అది మీ రైజ్. ఒకే చోటును మూడు ఎత్తుల్లో తీయండి: నిలబడి, కూర్చుని, నేలకి ఆనించి. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది గొప్పగా ఉంది అని కాదు, ఏది నిజంగా ఉంది అని చూడండి.

మనిషిని తీసేటప్పుడు మాత్రం ఎత్తు మీరు నిర్ణయించకండి. పొయ్యి దగ్గర అమ్మ, మగ్గం దగ్గర నేతన్న, నేల మీద ఆడుకునే పిల్లాడు.. వాళ్ల కళ్లు ఎక్కడుంటే కెమెరా అక్కడికి దిగాలి. మోకాళ్లకి కాస్త మట్టి అంటుకుంటుంది. దులుపుకుంటే పోతుంది.